తోకల సారు

లక్ష్మీనారాయణ సారు పోలీసుల మనిషి అని గచ్చిబౌలి పాత ఊళ్లో ఇప్పటికీ ఎవరైనా చెబితే నమ్మకండి. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజుల్లో ఆయన మా గల్లీలో గేటు గేటుకూ పచ్చ రిబ్బన్లు కట్టి, ఏ ఇంట్లో ఉద్యమకారులున్నారో ఠాణావాళ్లకు గుర్తు చూపించాడట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ లెక్కన పోలీసులు మొట్టమొదట జీపెక్కించవలసింది చంద్రయ్య మేకలను. తర్వాత రుక్కమ్మ కోడిపుంజును. ఆ తర్వాత సందు మొదట్లోని ఇస్త్రీ బండిని. వాటికీ అవే రిబ్బన్లు ఉండేవి మరి.

అసలు సంగతేమిటంటే, కనిపించినదానికల్లా తోక కట్టడం ఆ మనిషికి అలవాటు. అంతకుమించి ఆయనలో ఏ దోషమూ లేదు. ఆ ఒక్కటే కావలసినంత ఉండేది.

తోక అన్న మాట కూడా ఆయనదే. చిటికెన వేలంత గుడ్డ పేలిక, దాని మీద బండ్ల వెనక అంటించే పచ్చ రేడియం టేపు, కొసన ఒక ముడి. ఎండలో చిలక రెక్కలా కనిపించేది. సందెవేళ ఏ స్కూటరు దీపమో పడితే ఉన్నట్టుండి మిణుక్కుమనేది. గొడుగుకు తోక, కళ్లజోడు డబ్బాకు తోక, టిఫిను డబ్బాకు తోక. చెప్పుల్లో ఎడమదానికి మాత్రమే తోక. కుడిదానికి ఎందుకు లేదని అడిగితే, ఎడమది దొరికితే కుడిది ఎక్కడికి పోతుందని ఎదురు అడిగేవాడు.

ఆయన భార్య నంద్యాలలో బ్యాంకు ఉద్యోగి. సెలవు దొరికినప్పుడు వచ్చిపోయేది. ఒకసారి ఆమెను తీసుకురావడానికి చౌరస్తాకు వెళ్లిన సారు, బస్సు డిక్కీలోంచి పెట్టె అందుకుని భుజాన వేసుకుని, లోకాభిరామాయణం మాట్లాడుకుంటూ గల్లీ దాకా వచ్చేశాడు. వెనక్కి తిరిగి చూస్తే భార్య లేదు. పెట్టె తాలూకు ముసలాయన ఉన్నాడు, రొప్పుతూ. అప్పటినుంచి ఆమె పెట్టెకు కూడా తోక వచ్చింది. పెట్టెకేనా, నాకు కూడా కడతారా అని ఆమె వెటకారంగా అడిగితే, సారు కాసేపు నిజంగానే ఆలోచించాడట.

ఈ మాట బయటికి వచ్చింది రుక్కమ్మ నోటి నుంచే. సారు కిరాయికి ఉన్న పై గదులు ఆమెవి. మా గల్లీకి పెద్దదిక్కు. నాలుగో తరగతితో బడి మానేసింది గానీ ప్రశ్నలు అడగడం మానలేదు. కొత్తగా ఎవరు వచ్చినా, సామాను లారీ దిగేలోపు వాళ్లది ఏ ఊరు, వాళ్ల అత్తగారికి ఏ మోకాలు నొప్పి అన్నది ఆమెకు తెలిసిపోయేది. సారు దిగిననాడు మాత్రం గట్టి దెబ్బే తగిలింది.

"ఏం పని జేస్తవు సారూ?"

"ప్రోటీన్లకు తోకలు కడతానక్కా."

రుక్కమ్మకు రెండో ప్రశ్న దొరక్కపోవడం అదే మొదటిసారి. టీ గ్లాసు అక్కడే పెట్టి కిందికి దిగిపోయింది.

తర్వాత మెల్లమెల్లగా, టీ మీద టీ పోసి సంగతంతా రాబట్టింది. మన ఒంట్లో కంటికి కనపడని గదులున్నాయట, వాటిని కణాలంటారట. ఒక్కో గదిలో లెక్కలేనన్ని ప్రోటీన్లు కూలికి వచ్చినవాళ్లలా పని చేస్తుంటాయట. మోసేవి మోస్తుంటాయి, కోసేవి కోస్తుంటాయి, కాపలా కాసేవి కాస్తుంటాయి. ఆ గుంపులో మనకు కావలసింది ఏదో, అది ఎటు పోతోందో ఎవరికీ ఆనదు. అందుకని సారులాంటివాళ్లు దానికి ఒక తోక తగిలిస్తారు. ఆ తోక జెల్లీఫిష్ అనే సముద్రపు జీవి దగ్గర నేర్చుకున్నదట. నీలి వెలుతురు వేస్తే పచ్చగా వెలుగుతుందట. ఆ తోకతోపాటు ప్రోటీను గదంతా తిరుగుతుంటే ఈయన కూర్చుని చూస్తుంటాడట. అందుకు సర్కారు జీతం ఇస్తుందట. అన్నిటికంటే ఈ చివరి సంగతే రుక్కమ్మకు వింతగా తోచింది.

ఇంటికి వచ్చాక కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. ఒకనాడు రుక్కమ్మ పుంజు కాలికి తోక కట్టాడు. పుంజు ఆ రోజంతా ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలిని ఎగాదిగా చూసుకుంది. మర్నాడు కూయలేదు. గల్లీలో సగం మంది ఆలస్యంగా లేచారు, ఒకాయన ఆఫీసు బస్సు తప్పిపోయింది. రుక్కమ్మ మెట్లెక్కి వెళ్లి కడిగేద్దామనుకుంటే, సారు పరమానందంగా ఉన్నాడు. తప్పు కొసకు కట్టానని తెలిసిపోయిందట. పుంజును ఒళ్లో పెట్టుకుని, కాలి పేలిక విప్పి, వెనక ఈకల్లో చిన్నది కట్టాడు. తెల్లారి అది మామూలుగానే కూసింది.

"కట్టడం ఏముందక్కా, ఎవరైనా కడతారు. కట్టినాక కూడా దాని పని అది చేసుకుంటాండాల. తోక బరువైతే అది తనేందో మర్చిపోతాది."

కళ్లతో చూడందే రుక్కమ్మ ఏదీ నమ్మదు. ఒక శనివారం మధ్యాహ్నం పెట్టెలోని చీర తీసి కట్టుకుని, నీ తోకలు నాకు చూపియ్యి అని ఆయన వెంట బయలుదేరింది. యూనివర్సిటీ అవతల ఉండేది ఆ పరిశోధన సంస్థ. గేటు దగ్గర కాపలాదారు ఆమెను ఆపే లోపల ఆమే అతన్ని ఆపింది. ఏ ఊరు, పిల్లలెందరు, రెండోవాడికి మాటలు వచ్చాయా లేదా అని ఆరా తీసింది. అతను జవాబులు చెప్పడంలో పడి ఆమె పేరు అడగడం మరిచిపోయాడు.

లోపల ఒక గది. పట్టపగలే చీకటి. దీపం వెయ్యమంటే సారు వద్దన్నాడు. వెలుతురు ఎక్కువైతే తోకలు వెలవెలబోతాయట, మనం మరీ గుచ్చి చూసినా వాటి కళ తగ్గిపోతుందట. పెళ్లిచూపుల పిల్లలాగా అనుకుని రుక్కమ్మ ఊరుకుంది. ఆయన ఏదో మీట తిప్పాడు. నల్లటి తెర మీద ముందు ఏమీ లేదు. తర్వాత, బాగా మబ్బు పట్టిన సాయంత్రం ఎక్కడో ఒక ఇంట్లో దీపం పెట్టినట్టు, ఒక పచ్చటి మచ్చ. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే చీకట్లోంచి సన్నటి దారులు తేలాయి. ఆ దారుల మీద పచ్చటి చుక్కలు తొందరలేకుండా, ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. కొన్ని మలుపు దగ్గర ఆగి, ఆలోచించుకున్నట్టు ఆగి, మళ్లీ కదులుతున్నాయి.

రుక్కమ్మ చెయ్యి చాచి కుర్చీ వెతుక్కుని కూలబడింది. సారు కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

"ఎటు పోతున్నయ్ సారూ ఇవి?"

"వాటి పనికి."

"పొమ్మని ఎవరు చెప్పిన్రు?"

"అదే తెలియకే కదక్కా ఇన్నేండ్లు చీకట్లో కూర్చోనుండేది."

బయటికి వచ్చాక ఆయన ఒక గాజు గొట్టం చూపించాడు. దాని నిండా ఇసుకలాంటి సన్నటి పూసలు. ఇంకో రకం తోక ఉందట. అది వెలగదు, అతుక్కుంటుంది. కణాన్ని పగలగొట్టి ఆ రసమంతా ఈ పూసల మీద పోస్తే, మిగతావన్నీ జారిపోతాయి, ఈ తోక ఉన్నది మాత్రం ఉత్తరేణి గింజ చీర అంచును పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. అప్పుడు దాన్ని కడిగి, విడిపించి, గిన్నెలోకి తీసుకుంటారు. మరి ఈ పద్ధతి బాగుంది గదా, ఆ చీకట్లో కూర్చునుడెందుకని రుక్కమ్మ అడిగింది.

"పట్టుకుంటే అదేందో తెలుస్తాదక్కా. ఎట్ల బతుకుతాదో తెలియదు. అది చూడాలంటే వదిలెయ్యాల."

ఇంటికి నడిచివస్తుంటే రుక్కమ్మకు రోడ్డు మీద మనుషులంతా చుక్కల్లాగే కనిపించారు. ఒక్కొక్కరూ ఏ దారిన పోతున్నారో, ఎవరు పొమ్మన్నారో.

ఆ ఇంట్లో అలా ఎటు పోతాడో తెలియని మనిషి ఒకడు నిజంగానే ఉన్నాడు. రుక్కమ్మ పెనిమిటికి అన్న, బాలనర్సయ్య. ఆమెకు బావ. వయసు మీదపడి, ఇప్పటి సంగతులన్నీ ఆయన నుంచి ఒక్కొక్కటే జారిపోయాయి. పాతవి మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఆయన జొన్నచేను ఉన్న చోట గాజు మేడలు లేచి చాలా ఏళ్లయింది. అయినా రోజూ పొద్దున రుమాలు చుట్టుకుని, చేనుకు పోయొస్తనని చెప్పి బయలుదేరేవాడు. చాలాసార్లు వచ్చేవాడు. కొన్నిసార్లు వచ్చేవాడు కాదు. ఒకసారి మూసాపేటలో దొరికాడు, ఎవరింటి అరుగు మీదనో కూర్చుని, ఎడ్లను ఎవరు విప్పుకుపోయారని అడుగుతూ.

ఆ తర్వాత రుక్కమ్మ ఒక రేకు బిళ్ల మీద తన ఫోను నంబరు కొట్టించి, నల్లదారానికి గుచ్చి మెడలో వెయ్యబోయింది. బాలనర్సయ్య దాన్ని తెంపి గోడ అవతల పారేశాడు.

"నేనేమన్న బందెలదొడ్డి ఎడ్డునా, బిళ్ల గట్టనీకి?"

ఆ పూట అన్నం ముట్టలేదు. అప్పుడు రుక్కమ్మ కొడుకు సాయిచంద్ గేటుకు తాళం వేశాడు. బాలనర్సయ్య ఊచలు పట్టుకుని, పొద్దు గుంకేదాకా బయటికి చూస్తూ నిలబడ్డాడు. చూడలేక రుక్కమ్మే తాళం తీసేసింది. పైకి వెళ్లి సారు దగ్గర కళ్లొత్తుకుంది. ఆయన టీ తాగుతూ విన్నాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. పెద్దాయన పోయేది ఎటో ఎవరైనా వెంట వెళ్లి చూశారా అని మాత్రం అడిగాడు. ఎవరూ చూడలేదు.

ఆ వారమంతా సారు సెలవు పెట్టి, గొడుగు వేసుకుని, దూరదూరంగా ముసలాయన వెంట తిరిగాడు. ముక్కు మీద చర్మం ఊడిపోయింది. తిరిగి వచ్చి చెప్పిన సంగతి రుక్కమ్మ చాలాకాలం మరిచిపోలేదు. బాలనర్సయ్య కాలిబాట వదిలేసి కార్లు నిలిపే జాగాలోంచి పోతాడట. ఏమీ లేనిచోట ఠక్కున కుడికి తిరుగుతాడట. ఇంకోచోట ధోవతి పైకెత్తి, బారెడు అంగ వేసి, లేని కాలువను దాటుతాడట. చదునైన సిమెంటు మీద అడుగు ముందు అడుగు వేసి, పడిపోకుండా చేతులు చాచి నడుస్తాడట. కాపలావాళ్లు అలవాటుపడి దారి ఇస్తారట.

"ఆయన తప్పిపోవడం లేదక్కా. గట్టు మీదనే నడుస్తాండాడు. గట్టే మనకు కనపడ్డం లేదు."

ఇక్కడి నుంచే మా గల్లీ కష్టాలు మొదలయ్యాయి. సారుకు తోకల పిచ్చి ముదిరింది. అంతవరకు తన సామానుకూ ఒక పుంజుకూ పరిమితమైన మనిషి, ఉన్నట్టుండి గేట్ల మీద పడ్డాడు. గేట్లయ్యాక నల్లాలు. నల్లాలయ్యాక పిల్లల బడి సంచులు, ఇస్త్రీ బండి, రుక్కమ్మ తాళాల గుత్తి, సాయిచంద్ ఇంటి తాళంచెవి. ఆదివారం వస్తే సంచి భుజాన వేసుకుని తలుపులు కొట్టి, మీకు తోక కట్టలేదు కదమ్మా అని మర్యాదగా అడిగేవాడు. మొదట్లో నవ్వారు. తర్వాత మాకెందుకు కట్టలేదని అడగడం మొదలుపెట్టారు. లక్ష్మీనారాయణ సారు పేరు పోయి తోకల సారు అయింది అప్పుడే.

కిరాణా కొట్టు చంద్రయ్యకు ఐదారు మేకలు. అన్నిటికీ కట్టి ఒకదాన్ని వదిలేశాడు సారు. చంద్రయ్యకు రోషం వచ్చింది. నా మేక ఏం పాపం చేసిందని నలుగురిలో నిలదీశాడు. ఒకదాన్ని కట్టకుండా వదిలెయ్యడం తమ విద్యలో నియమమనీ, అప్పుడే తోక వల్ల ఏం మారిందో పోల్చి తెలుసుకోవచ్చనీ, వదిలేసినదాన్ని కంట్రోల్ అంటారనీ సారు వివరించాడు. చంద్రయ్య ఇవేవీ వినలేదు. ఆ మేకను కొట్టు ముందు కట్టేసి, తోక కట్టేదాకా సారుకు ఉప్పు కూడా అమ్మనన్నాడు. మూడోనాటికి సారు లొంగిపోయాడు.

ఇదంతా బాలనర్సయ్య అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. సారు ఆయన ముందు నుంచే పోయేవాడు, వచ్చేవాడు, ఆయన వంక చూసేవాడే కాదు. చివరికి ఒక పొద్దున ముసలాయన కర్ర పట్టుకుని మెట్లన్నీ ఎక్కి సారు గది ముందు నిలబడ్డాడు. రుక్కమ్మ పడిపోతాడేమోనని వెనకే వెళ్లింది.

"ఏంది సారూ, మేకలకు గడ్తివి, కోడికి గడ్తివి. నేను మనిషిని గానా?"

"మీరు కంట్రోల్ పెద్దాయనా. ఒకరన్నా తోక లేకుండా ఉండాల."

"గా చంద్రయ్య మేకను పెట్టుకో కంట్రోలు. నాకు గట్టు."

సారు చాలా అయిష్టంగా, తన పరిశోధన అంతా పాడవుతున్నట్టు ముఖం పెట్టి, లోపలికి వెళ్లి ఒకటి తెచ్చాడు. రుమాలు వెనక కట్టాడు. బాలనర్సయ్య మెట్లు దిగుతూ, దారిలో కనబడిన ప్రతివాళ్లకూ తల తిప్పి చూపించాడు. రుక్కమ్మకు నవ్వు ఆగలేదు. చివరికి మా బావ కూడా ఈ పిచ్చిలో పడ్డాడని గల్లీ అంతా తిరిగి చెప్పుకొచ్చింది.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. అది రెండువేల పదకొండు. ఊరంతా ధర్నాలు, బందులు. సాయిచంద్ ఆఫీసు క్యాబు నడిపేవాడు గానీ, ఆ రోజుల్లో క్యాబు కంటే ఊరేగింపే ఎక్కువ నడిపాడు. ఒకనాడు అతన్ని ఠాణాకు పిలిచి సాయంత్రందాకా కూర్చోబెట్టి పంపించారు. అతను ఇంటికి తిరిగి వస్తుంటే, చంద్రయ్య కొట్టులోంచి మెడ సాచి, మీ గేటు మీది గుర్తు చూసే వచ్చి ఉంటారు అన్నాడు. ఊరికే అన్నాడు. కానీ ఆ మాట పొద్దుపోయేలోగా గల్లీ చివరిదాకా వెళ్లి, అక్కడ నాలుగు కాళ్లు మొలిపించుకుని తిరిగి వచ్చింది.

"అమ్మా, ఆయనను ఖాళీ చెయ్యమను. సీమ మనిషి. గేటు గేటుకు గుర్తులు వెడుతున్నడు. ఇంకేం గావాలె?"

"మేకకు గూడ గట్టిండు గదరా. అది గూడ ధర్నాల కూసున్నదా?"

సాయిచంద్ నవ్వలేదు. గల్లీవాళ్లు కూడా నవ్వడం మానేశారు. సారు నమస్కారం పెడితే కొందరు అటు తిరిగి నిలబడేవారు. గేట్ల మీది తోకలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఇంటికి వచ్చి పెద్దమనుషులు రుక్కమ్మతో గట్టిగానే మాట్లాడారు. ఆదివారం వంటావార్పు ఉంది, అది కానివ్వండి, సోమవారం ఖాళీ చెయ్యమని నేనే చెబుతానని ఆమె మాట ఇచ్చింది. నువ్వు ఎందుకు కడుతున్నావు సారూ అని ఒక్కమాట అడిగితే తేలిపోతుంది. లోకంలో అందరినీ అన్నీ అడిగిన మనిషికి ఈ ఒక్క ప్రశ్న నోట్లోంచి రాలేదు. జవాబు ఇంకోలా వస్తే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

వంటావార్పు అంటే చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బండ్లన్నీ ఆపేసి, రోడ్డు మీదనే రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినడం. అదీ నిరసన. ఆ ఆదివారం గచ్చిబౌలి చౌరస్తాలో మా గల్లీ ఆడవాళ్లంతా గుండిగలు ఎక్కించారు. అన్నం, పప్పు, పచ్చిపులుసు. ఎటు చూసినా గులాబీ కండువాలే. సారు కూడా గొడుగు పట్టుకుని వచ్చి, ఒక మూల కూర్చుని ఉల్లిగడ్డలు కోశాడు. ఆయన పక్కన చాప ఖాళీగా ఉంది. ఉల్లి ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, చేసిన తప్పుకు ఏడుస్తున్నాడని చంద్రయ్య పక్కవాళ్లకు చూపించాడు.

అన్నం వార్చేవేళకు, గుండిగ పక్కన కూర్చోబెట్టిన బాలనర్సయ్య కనపడలేదు.

మామూలు రోజుల్లో చాలావరకు బండ్ల రొదే ఆయనకు కంచె. రోడ్డు దాటలేక అటో ఇటో ఆగిపోయేవాడు. ఆనాడు కంచె లేదు. అంత వెడల్పు రోడ్లు నాలుగు దిక్కులకూ నిశ్శబ్దంగా పడి ఉన్నాయి. సాయిచంద్ ఆ చివరిదాకా ఉరికి వచ్చాడు. వేలమంది, అందరి మెడల్లో ఒకే రంగు. రుక్కమ్మ గరిటె పట్టుకునే తిరుగుతూ, రుమాలు చుట్టిన ముసలాయనను చూశారా అని కనపడినవాళ్లనల్లా అడిగింది. అందరూ చూశామన్నారు. అందరూ వేరువేరు ముసలాయనలను చూశారు. ఆమె తిరిగి వచ్చి గుండిగ పక్కన కూలబడినప్పుడు, కొంగులో ఫోను మోగింది.

"హలో, అమ్మా! నేను వీరలక్ష్మిని మాట్లాడుతున్న, మాదాపూర్ల వంటావార్పు కాడికెల్లి. మీ పెద్దమనిషి ఈడున్నడు. ఫికర్ చెయ్యకు, అన్నం తింటున్నడు."

నా నంబరు నీకెట్ల తెలుసమ్మా అని ఈ కంగారులోనూ రుక్కమ్మ అడిగింది.

"రుమాలు ఎనుక పచ్చటి తోక లేదా? దాని మడతల రాసి ఉన్నది."

బండ్లు లేవు గనక నడిచే వెళ్లారు. రుక్కమ్మ, సాయిచంద్, ఎవరూ పిలవకపోయినా గొడుగుతో సారు. మబ్బు పట్టి ఎండ మెత్తబడింది. రోడ్డుకు అటూ ఇటూ గాజు మేడలు తలుపులు మూసుకుని నిలబడి ఉన్నాయి. వాటి అద్దాల్లో పొయ్యిల పొగ నింపాదిగా పైకి పోతోంది. కట్టెల వాసన, ఉడికే అన్నం వాసన. రుక్కమ్మ కాపురానికి వచ్చిన కొత్తల్లో కోతల కాలానికి ఇక్కడ ఇదే వాసన ఉండేది. ఒక్క క్షణం ఆమెకు మేడల మధ్య జొన్నచేను నిజంగానే ఊగినట్టనిపించింది.

మాదాపూర్‌లో బాలనర్సయ్య వరుసల మధ్య కర్ర ఊపుకుంటూ తిరుగుతున్నాడు. ఆరుబయట రాళ్ల పొయ్యిలు, అన్నపు గుండిగలు, కింద వరుసగా కూర్చుని తింటున్న జనం. ఆయన లెక్కలో ఇది తన చేనే, వీళ్లంతా తన కోతకు వచ్చినవాళ్లే. ఆ చివరివాళ్లకు పులుసు పొయ్యమంటున్నాడు, పిల్లలకు ముందు పెట్టమంటున్నాడు. వడ్డించేవాళ్లు నవ్వుకుంటూనే సరే పటేలా, సరే పటేలా అని ఆయన చెప్పినట్టే చేస్తున్నారు. మరదలిని చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"వచ్చినవా రుక్కీ. జొన్న మంచిగ పండింది ఈ యేడు. ఎంతమందొచ్చిన్రో సూడు కోతకు."

వీరలక్ష్మి ఆమెను పక్కకు తీసుకువెళ్లి, అందరూ గులాబీ అయినచోట ఒక్కటే పచ్చగా మెరుస్తుంటే చూశాననీ, ముడి విప్పితే లోపల అంకెలు కనిపించాయనీ చెప్పింది. రుక్కమ్మ బావ వెనక నిలబడి తోకను మడత విప్పి చూసింది. తడికి చెదరని సిరాతో, సన్నటి అంకెల్లో తన నంబరు. కొంగున ఉన్న తాళాల గుత్తి తీసి తన తోక విప్పింది. ఖాళీ. సాయిచంద్ జేబులోంచి తాళంచెవి తీసి తనది విప్పాడు. ఖాళీ. సారు గొడుగుకు వేలాడుతున్నదాన్ని కూడా ఆయనను అడగకుండానే లాగి చూసింది. అదీ ఖాళీ. గల్లీ మొత్తం మీద రాత ఉన్న తోక ఒక్కటే.

సాయిచంద్ తాళంచెవిని చాలాసేపు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. తర్వాత తన మెడలోని కండువా తీసి, సారు బట్టతల మీద చుట్టి, వెనక ముడి వేశాడు.

"ఎండున్నది సార్."

మబ్బు పట్టి గంటసేపయిందని ఎవరూ గుర్తు చెయ్యలేదు. ముడి కొస సారు మెడ మీద వేలాడుతుంటే, ఆయనకు కూడా ఒకటి పడిందని వీరలక్ష్మి నవ్వింది.

తిరుగు దారిలో బాలనర్సయ్య ముందు నడిచాడు. పంట తొక్కకండి, గట్టు మీదనే రండి అని గట్టిగా చెప్పాడు. అంత పెద్ద ఖాళీ రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు, అడుగులో అడుగు వేసుకుంటూ, ఆయన తిరిగినచోట తిరుగుతూ, ఆయన దాటిన కాలువను దాటుతూ నడిచారు. సాయిచంద్ కూడా దాటాడు. అందరికంటే ఎత్తుగా గెంతింది సారే.

రుక్కమ్మ కాస్త వెనకపడి సారు పక్కకు చేరింది. ఇన్నాళ్లూ గొంతులో ఆగిపోయిన ప్రశ్న ఇప్పుడు తేలిగ్గానే వచ్చింది.

"బావ ఒక్కనికి గావాలంటే ఒక్కనికే గట్టకపోయినవా సారూ? గల్లీ అంతా ఎందుకు గట్టినవు?"

ముందు పోతున్న ముసలాయనకు వినపడకుండా సారు గొంతు తగ్గించాడు.

"ఆయనొక్కడికే కడితే ఆయనకు జబ్బు అంటారక్కా. ఊరందరికీ కడితే సారుకు పిచ్చి అంటారు. నాకు ఆ పేరు ఎట్లాగూ ఉండనే ఉండె కదా. ఊరికే పడుండేదెందుకని వాడుకుంటిని."